సింధూరం మీద హరిదళం

ఆ రోజు మఠంలో పుస్తకాలు రాసే రాత ఇంట్లో నలుగురున్నారు. కిటికీ కింద ఏటవాలు బల్ల ముందు బేగ అక్క. ఆమె పక్కన, ఉన్ని మెత్త వేసిన పీట మీద, సేబెర్ట్ దొర కూతురు హెరెస్విత్. పొయ్యి దగ్గర కూర్చుని, రంగుల్లో కలిపే గుడ్ల తెల్లసొన గిలక్కొడుతూ తోల. తలుపు పక్కన చిన్న పీట మీద లెవ్రున్. పిల్లి కూడా ఉంది గానీ దానికి ప్రమాణం చెయ్యడం రాదు కనుక ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తోలని కూడా తీసుకోరని తర్వాత తెలిసింది.

లెవ్రున్ పీట తలుపు పక్కన ఉండటానికి కారణం ఉంది. బంగారు రేకుకి ఊపిరి తగిలినా లేచిపోతుంది. అందుకని రేకు పెట్టె మూత తీసే ముందు బేగ అక్క "బంగారం" అంటుంది. ఆ మాట వినగానే లెవ్రున్ లేచి తలుపు మూసి గడియ వెయ్యాలి. ఆ తర్వాత మఠం పెద్ద ఓస్వెన్ అమ్మ వచ్చి తట్టినా సరే, తియ్యకూడదు. మఠంలో ఇన్ని పనులుండగా లెవ్రున్‌కి అన్నిటికంటే ఇష్టమైన పని అదే. గడియ పడిన చప్పుడు వినగానే గాలీ వానా, కేకలు పెట్టే ఆడవాళ్ళూ, గొర్రెల కంపూ అన్నీ అవతల ఉండిపోయి, తనొక్కతే ఇవతలికి వచ్చేసినట్టు ఉండేది.

ఆమె తండ్రి ఈ మఠానికే పుస్తకాల పుటల కోసం దూడతోళ్ళు గీకి ఇచ్చేవాడు. సున్నపు నీళ్ళలో నానిన తోలుని చట్రానికి బిగించి, వంపు కత్తితో రోమం గీకుతుంటే, ఆమె కింద కూర్చుని ఆ రోమాన్ని పోగుచేసేది. అమ్మా నాన్నా ఒకే జ్వరంలో పోయాక బేగ అక్క ఆమెని రాత ఇంటికి తీసుకొచ్చింది. జాలిపడి కాదు. కళ్ళు మూసుకుని వేలితో తడిమి, తోలుకి రోమం ఉన్న వైపేదో మాంసం ఉన్న వైపేదో చెప్పగలిగిందని తీసుకొచ్చింది. అప్పటినుంచి కలం చెక్కడం, గీతలు తీయడం, రంగులు నూరడం నేర్పింది. మాట్లాడటం మాత్రం నేర్పలేకపోయింది. లెవ్రున్ మాట గొంతులో పుట్టి పెదవి దాటేలోపే చిక్కిపోయేది. ఎదుటివాళ్ళు "ఏంటీ?" అంటే రెండోసారి ఇంకా చిన్నగా చెప్పేది.

ఆ రోజు బల్ల మీద ఉన్నది లూకా సువార్త మొదటి పుట. పుటంతా నిండే పెద్ద అక్షరం ఒకటి. దాని ఒళ్ళంతా ఒకదాన్నొకటి కరుచుకున్న పక్షులు, మెలికలు తిరిగిన కుక్కలు. గీత బేగ అక్కది. లోపల సింధూరం నింపినదీ, అక్షరం చుట్టూ ఎర్రటి చుక్కలు వరసలు వరసలుగా పెట్టినదీ లెవ్రున్. వేసవంతా ఆ చుక్కలే. కళ్ళు మూసుకుంటే రెప్పల లోపల కూడా ఎర్రచుక్కలు కనిపించేవి. అంచు పట్టీ నింపే పని మాత్రం హెరెస్విత్‌కి ఇచ్చారు. పుస్తకానికి కావలసిన దూడలు ఆమె తండ్రి మందలోవి కదా మరి.

"మా నాన్న మిఖాయేలు పండక్కి వస్తున్నారు" అంది హెరెస్విత్. "ఈ అంచు చూస్తే గోడకి వేసిన రంగులా ఉంది. ఏం మెరుపుంది ఇందులో?"

"సింధూరం మెరవదమ్మా, మండుతుంది" అంది బేగ అక్క.

"హరిదళం వేస్తే మెరుస్తుందిగా. ఆ చిప్ప ఇలా ఇవ్వవే లెవ్రున్."

పసుపు రంగు హరిదళం చిప్ప బల్ల ఆ చివర, ఎర్ర సింధూరం చిప్ప ఈ చివర ఉంటాయి. ఎప్పుడూ అంతే. రెండిటికీ పడదు. పుటకి ఒక పక్క ఒకటి, ఇంకో పక్క ఒకటి ఉంటే సర్దుకుపోతాయి, మీదా మీదా వేస్తే మాత్రం కొన్నాళ్ళకి ఎరుపు చచ్చి నల్లబడుతుంది. రాత ఇంట్లో అడుగుపెట్టిన పిల్లకి ముందు నేర్పే సంగతి అదే.

లెవ్రున్ చిప్ప తీసుకోలేదు. "వద్దండి, కింద సింధూరం ఉంది" అంది.

"ఏంటీ? గొణుగుతావేంటే? తోలా, ఈ పిల్ల ఏమంటోంది?"

"సింధూరం మీద అది వెయ్యకూడదంటోందమ్మా" అంది తోల, గిన్నెలోంచి చెయ్యి తియ్యకుండానే. "నేను గుడ్లు కొట్టేదాన్నే, నాక్కూడా తెలుసు ఆ సంగతి."

"నీకు తెలుసా? మరి వచ్చి నువ్వే కూర్చో ఇక్కడ." హెరెస్విత్ లేచి వెళ్ళి తనే చిప్ప తెచ్చుకుంది. కుంచె ముంచి, అంచు పట్టీ మీద పసుపు గీత లాగింది. నిజంగానే మెరిసింది. "చూడండక్కా."

బేగ అక్క చూసింది. చూసి, ఒకసారి లెవ్రున్ వైపు, ఒకసారి కిటికీ వైపు చూసి, "పోనీలే, ముచ్చటపడింది. సన్నగా వెయ్యమ్మా" అంది.

గీత సన్నగా పడలేదు. అంచునంతా తిరిగి, అక్షరం తోక దాకా వచ్చింది. లెవ్రున్ పెట్టిన చుక్కల్లో కొన్నిటిని కప్పేసింది కూడా. లెవ్రున్ తల వంచుకుని గుడ్డతో తన కుంచె తుడుచుకుంది. అప్పటికే తుడిచిన కుంచె అది.

తర్వాత వానలు పట్టుకున్నాయి. పుట చెమ్మగిల్లకుండా పెట్టెలో పెట్టి మూత బిగించారు. పండుగ దగ్గరపడ్డాక, దొరగారి మనిషి చూడటానికి వస్తే, ఓస్వెన్ అమ్మ స్వయంగా పెట్టె తెరిపించింది. పైన కప్పిన నారగుడ్డ తీసి అందరూ ఒక్కసారి ఆగిపోయారు.

అంచంతా నల్లగా, కాలిన రొట్టె అంచులా ఉంది. నలుపు అక్కడితో ఆగలేదు. అక్షరం తోక పట్టుకుని పైకి పాకింది. చుక్కలు కొన్ని ఎర్రగా, కొన్ని మసిగా ఉన్నాయి. మొహం మీద మశూచి మచ్చల్లా ఉన్నాయని దొరగారి మనిషి అన్నాడు. అతనికి రంగుల సంగతి తెలియదు గానీ మచ్చల సంగతి తెలుసు.

"ఎవరిదీ పని?" అంది ఓస్వెన్ అమ్మ.

"లెవ్రున్‌ది" అంది హెరెస్విత్. ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. "హరిదళం ఆ పిల్లే వేసింది. నేను వద్దంటూనే ఉన్నాను."

లెవ్రున్ నోరు తెరిచింది. గాలి బయటికి వచ్చింది గానీ మాట రాలేదు. బేగ అక్క వైపు చూసింది. బేగ అక్క ఆ పుట మీదికి వంగి ఉంది. చనిపోయిన బిడ్డ మీదికి వంగినట్టు వంగి, గోటితో ఆ నలుపుని మెల్లగా గీకి చూస్తోంది. ఆమె చెవుల్లో ఆ మాటలేవీ పడినట్టు లేవు.

అంతటితో మఠం గోడల మధ్యే అణిగిపోయేదేమో. కానీ వారం తిరక్కుండా సేబెర్ట్ దొర వచ్చాడు. గుర్రం దిగుతూనే, నా దూడల తోలు మీద మసి పూసిందెవరని అడిగాడు. తన కూతురి పేరు కూడా నలుగురి నోళ్ళలో నలుగుతోందని విన్నాడట. పేరు తేలాల్సిందే అన్నాడు. తేలేదాకా ఇంకో తోలు గడప దాటదన్నాడు.

పేరు తేలడం అంటే ప్రమాణమే. నింద పడ్డ మనిషి గుడిలో బలిపీఠం ముందు తల వంచి, దాని మీద చెయ్యి పెట్టి, నేను చెయ్యలేదని చెప్పాలి. ఆ మాట నిజమో కాదో ఎవరూ చూడరు. ఆ మాట పక్కన నిలబడి చెయ్యి పెట్టేది ఎవరో చూస్తారు. దొరకి తోడు దొరలొస్తారు, రైతుకి తోడు రైతులొస్తారు. తోడు లేని మాట ఎంత నిజమైనా గాలిలో ఊకే. చెప్పే మాట మధ్యలో తడబడినా ప్రమాణం పగిలినట్టే. పగిలితే లెవ్రున్ రాత ఇల్లు వదలాలి. ముంపు పొలాల అవతల మఠానికి గొర్రెల కొట్టం ఉంది. అక్కడికి పోయి ఉన్ని కడుక్కుంటూ బతకాలి. ఇక జన్మలో కలం పట్టకూడదు.

"అమ్మా, మీకు తెలుసు కదా" అని ఓస్వెన్ అమ్మ దగ్గరికి వెళ్ళి అంది లెవ్రున్. అంత మాట అనడానికి ఆమె పూటంతా ధైర్యం కూడగట్టుకుంది.

ఓస్వెన్ అమ్మ చెడ్డది కాదు. "నాకు తెలిసినదానికి బరువు లేదే తల్లీ" అంది. "నేను తీర్పు చెప్పే పీట మీద కూర్చున్నాను, తోడు రాలేను. మీవాళ్ళని ముగ్గుర్ని తెచ్చుకో. లేదా ముసుగు పుచ్చుకున్న కన్య ఒక్కతి వచ్చినా చాలు. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరున్నారు?"

ఎవరున్నారో లెవ్రున్ చెప్పింది.

"తోల బానిస, కొనుక్కొచ్చిన మనిషి. దాని చెయ్యి పనికి రాదు" అంది ఓస్వెన్ అమ్మ. బేగ పేరు వినీ విననట్టు ఊరుకుంది.

ఆ నలుగురిలో ముసుగు పుచ్చుకున్నది బేగ అక్క ఒక్కతే, కానీ ఆమెని అడగాలంటే లెవ్రున్‌కి నోరు రాలేదు. అందుకే ముందు మేనమామ దగ్గరికి వెళ్ళింది. హున్‌వాల్డ్ ముంపు నేలల్లో మలుగు చేపలు పట్టేవాడు. గుడిసె ముందు కూర్చుని, రెల్లుతో వల బుట్ట అల్లుతున్నాడు.

"ఏమే, ఇలా వచ్చావు? మఠంలో కూడు పెట్టట్లేదా?"

ఆమె చెప్పింది.

"గట్టిగా చెప్పవే. ఇక్కడ నేనూ మలుగులూ తప్ప ఎవరున్నారు?"

ఆమె మళ్ళీ చెప్పింది. అతను అల్లిక ఆపలేదు. "నువ్వు చెయ్యలేదని నాకు తెలుసు" అన్నాడు. "మా చెల్లి కూతురివి. అబద్ధమాడటానికి నోరుండాలి, అది నీకెక్కడిది?"

"అయితే వస్తావా మామా? నీకు తెలిసినవాళ్ళు ఇంకో ఇద్దర్ని..."

"ఆ పడవ ఎవరిది?"

"నీది."

"అది ఎవరి నీళ్ళ మీద తేలుతోంది?"

లెవ్రున్ కాలవ వైపు చూసింది. "దొరగారి నీళ్ళ మీద."

"మరి అడుగుతావేంటే?"

"దొరకి ఎదురుగా చెయ్యెత్తమనట్లేదు మామా. నా పక్కన పెట్టమంటున్నా."

"రెండిటికీ ఉన్నది ఈ ఒక్క చెయ్యే కదా" అన్నాడతను. లేచి గుడిసెలోకి వెళ్ళి, పొగలో ఎండబెట్టిన మలుగుల దండ ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "మామ ఉత్త చేతులతో పంపాడని అనుకోకు."

ఆ దండ మోసుకుంటూ ఆమె బురదలో నడిచి మఠానికి చేరింది. తోల వంటశాల గుమ్మంలో ఎదురై ముక్కు పట్టుకుంది.

"చేతులు తెస్తావనుకుంటే చేపలు తెచ్చావా? పోన్లే, ఇవయినా అబద్ధం ఆడవు" అంది. దండ అందుకుని, తర్వాత నవ్వు ఆపి, "నా చెయ్యి ఇద్దును. ఈ చెయ్యి కొట్టిన తెల్లసొనే ఆ పుస్తకంలో ప్రతి రంగులోనూ ఉంది. పుస్తకంలోకి పోవచ్చంట, పీఠం మీదికి మాత్రం పోకూడదంట. ఏం న్యాయమో. నోరుమూసుకుని ఉల్లికాడలు కోస్తా" అంది.

ప్రమాణానికి ముందు రోజు లెవ్రున్ బావి దగ్గర కుంచెలు కడుగుతుంటే బేగ అక్కే వచ్చింది.

"బురద తొక్కుకుంటూ అంత దూరం పోయావంట. నన్నెందుకు అడగలేదే?"

లెవ్రున్ కుంచెని మళ్ళీ నీళ్ళలో ముంచింది. ఎర్రటి నీళ్ళు గులాబీ రంగుకి దిగాయి. "మీరు వస్తే అంతా చెప్పాల్సొస్తుందక్కా. పోనీలే అన్నది కూడా."

బేగ అక్క బావి గట్టు మీద కూర్చుంది. ఆమె మోకాళ్ళు చప్పుడు చేశాయి.

"చెబుతాను. నా తప్పు నేను చెప్పుకోలేనా? దొరబిడ్డని కసరలేక ఊరుకున్నాను. ఆ పుట పోయింది నా వల్ల, ఆ పిల్ల వల్ల కాదు. గంట కొట్టగానే వస్తాను. నువ్వు మాత్రం నోరు సరిగ్గా తెరిచి చావు. ఏదీ, చెప్పు."

లెవ్రున్ చెప్పింది. "దేవుని ముందు చెబుతున్నాను. నామీద మోపిన పనిలో నాకు చెయ్యి లేదు, మాట లేదు, తలపు లేదు."

"బావిలో కప్పకి కూడా వినపడలేదు. మళ్ళీ."

మళ్ళీ చెప్పింది. మళ్ళీ మళ్ళీ చెప్పించింది బేగ అక్క, అక్షరాలు దిద్దించినట్టే, విసుక్కుంటూ, చివర మాట మింగినప్పుడల్లా వేళ్ళతో గట్టు మీద కొడుతూ. చివరికి లెవ్రున్ గొంతు పెరట్లో మేస్తున్న బాతులు తలెత్తేంత గట్టిగా వచ్చింది.

"అదీ. అప్పుడు నేనంటాను" అని బేగ అక్క చెయ్యి చాపి లెవ్రున్ చేతి మీద పెట్టింది. సిరా మరకలు పోని చెయ్యి, చల్లగా, గరుగ్గా ఉంది. "తోడు నిలిచి చెబుతున్నాను. లెవ్రున్ చేసిన ప్రమాణం స్వచ్ఛం. అందులో మచ్చ లేదు."

ఆ మాటలు వినగానే లెవ్రున్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుంచెల మీదికి వంగి వాటిని దాచుకుంది.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో బండి చప్పుడైంది. లెవ్రున్ కిటికీలోంచి చూస్తే దొరగారి ఎడ్లు. పైన గుడ్డ కప్పిన కట్టలు దించుతున్నారు. ప్రమాణానికి వచ్చిన మగవాళ్ళకి తిండీ బీరూ కాబోలనుకుంది. తల దువ్వుకుని, ఉతికిన తలగుడ్డ కట్టుకుని, ఆ మాటలు నోట్లోనే తిప్పుకుంటూ గుడికి వెళ్ళింది.

గుడిలో తేనెమైనం వాసనా, తడిసిన ఉన్ని వాసనా కలిసి కొడుతున్నాయి. హెరెస్విత్ వైపు వాళ్ళు ముందే బారులు తీరారు. మామూలుగా నింద వేసినవాళ్ళు అంతమందిని తేవాల్సిన పని లేదు. అయినా తెచ్చాడు దొర. అంగట్లో గుర్రాలు చూపించుకున్నట్టు. పెద్ద మీసాలవాళ్ళు, నడుం కత్తులు వాకిట్లో వదిలేసి వచ్చి, ఖాళీ నడుముల మీద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కదులుతున్నారు. హరిదళం అంటే పశువుల కడుపునొప్పికి మందనుకునే మనుషులు వాళ్ళు. ఆ రోజు రాత ఇంట్లో ఒక్కడూ లేడు. అసలు రాత ఇల్లు ఏ పక్కనుందో కూడా తెలీదు.

హెరెస్విత్ పీఠం మీద చెయ్యి పెట్టి, హరిదళం వేసింది లెవ్రునే అని చెప్పింది. ఒక్కచోట కూడా తడబడలేదు. గొంతు తియ్యగా, గుడి చివరిదాకా వినబడింది. ఆ తర్వాత ఒక్కొక్కడూ వచ్చి, ఆమె చేసిన ప్రమాణం స్వచ్ఛం, మచ్చ లేదు అన్నాడు. ఒకతను మధ్యలో దగ్గాడు. దగ్గు లెక్కలోకి రాదన్నారు.

లెవ్రున్ వింటూ నిలబడింది. అబద్ధం ఇంత నున్నగా ఉంటుందని ఆమె అనుకోలేదు. బాగా గీకిన తోలులా, ఎక్కడా వేలికి తగలకుండా ఉంది.

"నీ తోడు ఎవరు తల్లీ?" అంది ఓస్వెన్ అమ్మ.

"బేగ అక్క."

ఈసారి ఆ పేరు అందరికీ వినబడింది. దొర మీసం దువ్వుకుని కూతురి వైపు చూశాడు. కన్యల వరసలో బేగ అక్క చోటు ఖాళీగా ఉంది.

"గంట వినపడలేదేమో. రంగుల్లో పడితే ఆమెకి ఏదీ వినపడదు" అంది లెవ్రున్. అన్ని మాటలు అంతమంది ముందు ఆమె ఎప్పుడూ అనలేదు.

"వెళ్ళి పిలుచుకురా" అంది ఓస్వెన్ అమ్మ. పీఠం మీద ఉన్న కొవ్వొత్తి చూపించింది. వేలెడు కూడా లేదు. "ఇది ఆరిపోయేలోపు."

లెవ్రున్ పరుగెత్తింది. మఠంలో పరుగెత్తకూడదు. బాతులు చెల్లాచెదురయ్యాయి. వంటశాల గుమ్మంలోంచి తోల ఏదో అరిచింది, వినలేదు. రాత ఇంటి తలుపు ఓరగా తెరిచే ఉంది. గడప బయటే ఆగి, తోసింది.

బేగ అక్క బల్ల ముందు కూర్చుని ఉంది. బల్ల మీద కొత్త పుట. దాని మీద అదే అక్షరం, అవే పక్షులు, అవే కుక్కలు, రంగు పడని గీతల్లో. పొద్దుటినుంచీ గీస్తున్నట్టుంది. గీత ఎక్కడా వణకలేదు.

"అక్కా, గంట కొట్టారు."

"విన్నాను."

"అందరూ వచ్చేశారు. కొవ్వొత్తి అయిపోతోంది."

బేగ అక్క కలం పక్కన పెట్టింది. లేవలేదు. అప్పుడు లెవ్రున్ చూసింది. తలుపు పక్కన తన చిన్న పీట మీద దూడతోళ్ళ కట్ట. పీట కనపడనంత ఎత్తున, ఒకదాని మీద ఒకటి. గోడ వారనా, పొయ్యి పక్కనా, ఇంకా కట్టలు. పొద్దున దొరగారి బండి మోసుకొచ్చింది తిండీ బీరూ కాదు. ఆమె అనుకోకుండానే చెయ్యి చాపి పై తోలుని తడిమింది. లేత దూడది. పాల మీగడలా ఉంది. ఇంత మంచి తోలు నాన్న చేతిలోంచి కూడా ఎప్పుడో గానీ వచ్చేది కాదు.

"నిన్న సాయంత్రం దొరగారు కబురు పంపారు" అంది బేగ అక్క. "నేను గుడికి రాకపోతే ఇవన్నీ మనవి. వస్తే, మళ్ళీ బండెక్కి వెనక్కి పోతాయి."

"మీరు చూశారు కదక్కా."

"చూశాను."

"బావి దగ్గర చెప్పారు."

"చెప్పాను. ఇప్పుడూ చెబుతాను. నువ్వు చెయ్యలేదు." ఆమె గొంతులో ఎక్కడా సిగ్గు లేదు, బతిమాలడం లేదు. రంగు ఎలా కలపాలో చెప్పేటప్పటి గొంతే. "ఇంకా లూకా మొత్తం రాయాల్సి ఉంది. యోహాను మొత్తం ఉంది. నా కళ్ళు ఇంకెన్నాళ్ళుంటాయి? ఇది సగంలో వదిలేసి చస్తే, దేవుడు ఏం చేశావని అడిగితే ఏం చెప్పను?"

"నిజం చెప్పానని చెప్పండి."

చిన్నగానే అంది లెవ్రున్. అయినా ఈసారి బేగ అక్క "ఏంటీ" అనలేదు. పూర్తిగా వినబడింది. కాసేపు బల్ల మీది పుట చూసింది, కాసేపు ఆ పిల్ల కాళ్ళకంటిన బురద చూసింది.

"నిజం మీద రాయలేమే పిచ్చిదానా" అంది. "తోలు మీదే రాయాలి. నువ్వు తోలు గీకేవాడి బిడ్డవి. నీకు తెలియాలి."

గుడి వైపు నుంచి మగవాళ్ళ నవ్వు వినబడింది. ఎవరో ఎడ్లని అదిలిస్తున్నారు.

"చుక్కలు ఎవరు పెడతారు?" అని అడిగింది లెవ్రున్. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో ఆమెకే తెలియదు. అడగాల్సినవి ఎన్నో ఉండగా అదే వచ్చింది.

"నేర్పుకుంటాను ఎవరికో ఒకరికి."

బేగ అక్క బల్ల కింది అర తెరిచి చిన్న పెట్టె తీసింది. నోటికి గుడ్డ కట్టుకుంది. పెట్టె మూత మీద వేలు పెట్టి, గుడ్డ చాటునుంచి అంది.

"బంగారం."

లెవ్రున్ చెయ్యి దానంతటదే తలుపు మీదికి పోయింది. ఇన్నేళ్ళ అలవాటు. పట్టుకుని లాగబోయి, తన కాళ్ళు గడపకి ఏ వైపున ఉన్నాయో చూసుకుని ఆగిపోయింది. తలుపు సగంలో నిలిచిపోయింది. గాలికి తోళ్ళ కట్ట మీది అంచు ఒకటి లేచి పడింది.

బేగ అక్క లేచి వచ్చింది. ఆమె కళ్ళలోకి చూడలేదు. కొనవేళ్ళు పట్టుకుని, పుటకి అంటుకున్న ఈక తీసినంత మెల్లగా, ఆమె చేతిని తలుపు మీదినుంచి తీసేసింది. తర్వాత తలుపు మూసింది. గడియ పడింది. ఆ చప్పుడు బయటినుంచి ఎలా ఉంటుందో లెవ్రున్ అంతవరకూ ఎప్పుడూ వినలేదు.